సార్జెంటుకు శిక్ష, కెప్టెన్‌కు విడుదల

(స్మారకోపన్యాస పాఠం)



మాస్టారు కేసు ఫైలు చేతికి తీసుకుంటే ముందు తీర్పు చూసేవారు కాదు. మొట్టమొదటి కాగితం చూసేవారు. ఫిర్యాదు ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, ఇవ్వకుండా ఊరుకుని ఉంటే ఎవరికి మేలు జరిగేది? ఇవి తేలాకే మిగతా పేజీలు తిప్పేవారు. కొన్నేళ్లు సైన్యంలో న్యాయాధికారిగా పనిచేసి వచ్చిన మనిషి కనుక ఆ అలవాటు ఆయనలో మరీ బలపడి ఉంటుంది. ఆయన పేరున జరిగే ఈ ఉపన్యాసానికి, చేతికి చిక్కిన శత్రువును చంపిన తన సైనికుణ్ణి ఒక సైన్యం ఎలా విచారిస్తుంది అన్న అంశం ఎంచుకున్నాను. ప్రధానంగా ఒక్క కేసే చెబుతాను. ఆయన పద్ధతిలోనే, మొదటి కాగితం నుంచి.

యుద్ధనేరాల విచారణ అనగానే మనకు న్యూరెంబర్గ్, టోక్యో గుర్తొస్తాయి. టోక్యోలో తోటి న్యాయమూర్తులతో విభేదించి, నిందితులంతా నిర్దోషులేనని తీర్పు రాసిన రాధావినోద్ పాల్ మన దేశంవాడు కావడం వల్ల ఆ చర్చ మనకు కొంత పరిచయమే. ఆ రెండు చోట్లా గెలిచినవాళ్లు ఓడినవాళ్లను బోనెక్కించారు. నేను చెప్పబోయే చోట, గెలుస్తున్న సైన్యం తన మనుషులనే, యుద్ధం ఇంకా నడుస్తుండగానే, బోనెక్కించింది. ఏ సైన్యపు న్యాయానికైనా అసలు పరీక్ష ఇదేనని నా నమ్మకం. శత్రువు చేసిన హత్యను హత్య అనడానికి ధైర్యం అక్కర్లేదు.

1943 జూలై 10న మిత్రసేనలు సిసిలీ ద్వీపంలో దిగాయి. అమెరికా ఏడవ సైన్యానికి అధిపతి జనరల్ జార్జ్ పాటన్. ఆయన కింద రెండవ కోర్‌కు ఒమర్ బ్రాడ్లీ. ఆ కోర్‌లోని 45వ డివిజన్ ఓక్లహోమా చుట్టుపక్కల రాష్ట్రాల నేషనల్ గార్డు దళాలతో ఏర్పడింది. దానికి ఇదే తొలి యుద్ధం. అందులోని 180వ రెజిమెంటుకు దక్షిణ సిసిలీలో బిస్కారి అనే ఊరి దగ్గరి విమానాశ్రయాన్ని పట్టుకునే పని అప్పగించారు. జూలై 14 నాటికి ఆ సైనికులు ఒడ్డున దిగి నాలుగు రోజులు దాటింది. కంటినిండా నిద్ర లేదు, పైన మండే ఎండ, పొదల చాటు నుంచి ఎప్పుడు ఏ తూటా వస్తుందో తెలియని స్థితి. ఇవన్నీ నిజాలే. తర్వాత కోర్టులో వీటిని చెప్పారు కూడా.

ఆ రోజు సార్జెంటు హొరేస్ వెస్ట్‌కు నలభై మందికి పైగా ఖైదీలను అప్పగించారు. ఎక్కువమంది ఇటలీవాళ్లు, ఇద్దరు ముగ్గురు జర్మన్లు. పారిపోకుండా వాళ్లచేత చొక్కాలు, బూట్లు విప్పించారు. వెనక్కి నడిపించి, రోడ్డుకు ఎడంగా ఉంచి, ప్రశ్నించే అధికారులకు అప్పజెప్పాలన్నది వెస్ట్‌కు ఇచ్చిన పని. కొంత దూరం వెళ్లాక అతను ఖైదీలను ఆపాడు. ప్రశ్నించడానికి పనికొస్తారని ఎనిమిది తొమ్మిది మందిని పక్కకు తీశాడు. తోటి సార్జెంటు దగ్గర థామ్సన్ తుపాకి అడిగి పుచ్చుకున్నాడు. మిగిలిన 37 మందిని కాల్చాడు. తూటాలు అయిపోతే మళ్లీ నింపుకున్నాడు. ఇంకా ప్రాణం ఉన్నవాళ్లను దగ్గరికి వెళ్లి కాల్చాడు.

విద్యార్థులు ఇక్కడ కాసేపు ఆగాలి. ఖైదీలను వేరు చేశాడు, తుపాకి అరువడిగాడు, మళ్లీ తూటాలు నింపాడు. అలసటతో, దుఃఖంతో మతి చెదిరి చేశాడన్న వాదన వెస్ట్ తరఫున వినిపించినప్పుడు దానికి ఎదురు నిలబడ్డవి ఈ మూడు పనులే. ఎవరు పనికొస్తారో ఎంచిన బుద్ధి మిగతావాళ్ల విషయంలో మాత్రం పనిచేయలేదంటే ఎవరూ నమ్మలేరు. తూటాలు నింపుకోవడానికి పట్టే ఆ కొద్ది క్షణాల్లో చేతులు ఒక క్రమంలో కదలాలి. కోపం ఒక్కటే ఆ పని చేయదు. చంపాలన్న నిశ్చయం కావాలి.

అదే రోజు, అదే విమానాశ్రయం దగ్గర, కెప్టెన్ జాన్ కాంప్టన్ కంపెనీలో చాలామంది స్నైపర్ల కాల్పులకు గాయపడ్డారు. ఆ తర్వాత 36 మంది లొంగిపోయి బయటికొచ్చారు. వాళ్లలో కొందరు మామూలు బట్టల్లో ఉన్నారు. చాటు నుంచి కాల్చింది మీరేనా అని అడిగించాడు కాంప్టన్. జవాబు రాలేదు. ఫైరింగ్ స్క్వాడ్‌ను ఏర్పాటుచేసి 36 మందినీ కాల్పించాడు. చాటుగా కాల్చడం యుద్ధంలో నేరం కాదు. ఒకవేళ సైనికుడు కానివాడు కాల్చాడని అనుమానం ఉంటే దానికి విచారణ ఉంది. ఇక్కడ విచారణ ఆ ఒక్క ప్రశ్నతోనే అయిపోయింది.

మొత్తం 73 మంది. 1907 నాటి హేగ్ నిబంధనలు లొంగిపోయినవాణ్ణి చంపకూడదన్నాయి, ఎవరినీ ప్రాణాలతో వదలం అని ప్రకటించడాన్ని కూడా నిషేధించాయి. 1929 జెనీవా ఒప్పందం ప్రకారం ఖైదీకి ఎల్లవేళలా రక్షణ కల్పించాలి. దాని మీద అమెరికా సంతకం ఉంది. అంతకన్నా ముందే, 1863లో, అంతర్యుద్ధం మధ్యలో లింకన్ ప్రభుత్వం తన సైన్యానికి ఇచ్చిన లీబర్ నియమావళి అశక్తుడైన శత్రువును చంపినవాడికి మరణదండన అని రాసింది. అంటే బిస్కారి నాటికి చట్టానికి కొదవ లేదు.

ఇక మొదటి కాగితం సంగతి. డివిజన్‌లో లెఫ్టినెంట్ కల్నల్ హోదాలో ఉన్న విలియం కింగ్ అనే సైనిక మతగురువు మర్నాడు విమానాశ్రయం వైపు వెళ్తూ రోడ్డు పక్కన శవాల వరసలు చూశాడు. అక్కడున్న మామూలు సిపాయిలు కొందరు ఆయన్ను చుట్టుముట్టారు. ఇలాంటి పనుల మీద పోరాడటానికే కదా మేం వచ్చింది, మాకు సిగ్గుగా ఉంది అన్నది వాళ్లు చెప్పిన మాటల సారాంశం. కింగ్ వెళ్లి పైవాళ్లకు చెప్పాడు. చనిపోయినవాళ్ల తరఫున అడగడానికి అక్కడ ఎవరూ లేరు. వాళ్ల ప్రభుత్వానికి తెలియదు, కుటుంబాలు ఎక్కడో ఉన్నాయి. చంపినవాళ్లు వేసుకున్న యూనిఫారమే వేసుకున్న సిపాయిలు, వాళ్ల గురువు నోరు విప్పకపోతే ఆ 73 మంది పోరులో మరణించినవారి లెక్కలో కలిసిపోయేవారు. ఖైదీ ప్రాణానికి చట్టం ఇచ్చే రక్షణంతా చివరికి ఇలాంటి ఒక మనిషి మీద ఆనుకుని ఉంది. ఈ కేసు చదివిన ప్రతిసారీ నన్ను కలవరపెట్టేది అదే.

సంగతి బ్రాడ్లీకి చేరింది, ఆయన పాటన్‌కు చెప్పాడు. పాటన్ తన డైరీలో రాసుకున్న దాని ప్రకారం, ఇది బహుశా పెంచి చెప్పిన మాట అని ఆయన అన్నాడు. ఏదైనా సరే, చనిపోయినవాళ్లు స్నైపర్లనో పారిపోబోయారనో సంబంధిత అధికారి చేత రాయించమని, లేకపోతే పత్రికల్లో గొడవ అవుతుందని బ్రాడ్లీకి సూచించాడు. బ్రాడ్లీ ఒప్పుకోలేదు. చివరికి పాటన్ కూడా విచారణకు తలూపాల్సి వచ్చింది.

పారిపోబోతుంటే కాల్చాం. ఈ వాక్యం తెలుగువాళ్లకు సిసిలీ నుంచి రానక్కర్లేదు. 1924 మే 7న పట్టుబడిన అల్లూరి సీతారామరాజును కొయ్యూరులో మేజర్ గుడాల్ కాల్చి చంపినప్పుడు సర్కారు చెప్పిన మాటా ఇదే. ఆ మాట నిజమో కాదో ఏ కోర్టూ పరీక్షించలేదు. కొయ్యూరులో బ్రాడ్లీ లాంటి పై అధికారి ఒక్కడు ఉండి, అలా రాయడానికి వీల్లేదని ఉంటే మన చరిత్ర పుస్తకంలో ఒక విచారణ అధ్యాయం ఉండేది.

వెస్ట్ విచారణ 1943 సెప్టెంబరులో జరిగింది. ముందే తలపోసి చేసిన హత్యగా తేల్చి, సార్జెంటు హోదా తీసేసి, యావజ్జీవ శిక్ష వేశారు. కాంప్టన్ విచారణ అక్టోబరులో జరిగింది. అతను మతి చెదిరిందని వాదించలేదు. జనరల్ ఆజ్ఞ పాటించానన్నాడు. సిసిలీకి బయలుదేరే ముందు ఉత్తర ఆఫ్రికాలో పాటన్ ఈ డివిజన్ అధికారులకు ఒక ప్రసంగం చేశాడు. శత్రువు మనం బాగా దగ్గరికి వచ్చేదాకా కాలుస్తూ, అప్పుడు చేతులెత్తితే ఆ లొంగుబాటును ఒప్పుకోవద్దు, చంపండి అని చెప్పాడని ఆ ప్రసంగం విన్నవాళ్లు సాక్ష్యమిచ్చారు. కోర్టు కాంప్టన్‌ను నిర్దోషిగా విడిచిపెట్టింది. అతను చేసింది చట్టవిరుద్ధమేనని ఫైలును పరిశీలించిన సైనిక న్యాయాధికారి అభిప్రాయపడ్డాడు. కానీ విడుదల విడుదలే. కాంప్టన్ మరో రెజిమెంటుకు మారి, ఆ తర్వాత ఇటలీ పోరులో మరణించాడు.

ఒకే డివిజన్, ఒకే రెజిమెంటు, ఒకే తేదీ, ఒకే విమానాశ్రయం. ఖైదీల సంఖ్యలో తేడా ఒక్కటి. పైగా కెప్టెన్ తన కింది కుర్రాళ్లతో ఆ పాపం చేయించినవాడు. అయినా శిక్ష సార్జెంటు దగ్గర ఆగింది. ఆ ప్రసంగం చేసిన జనరల్ మీద వేరే విచారణ జరిగింది. తన మాటలను తప్పుగా అర్థం చేసుకున్నారన్నాడు, అతని తప్పేమీ లేదని తేల్చారు. మాట అన్నవాడికి దోషం లేదు, మాట విని కాల్పించినవాడికి దోషం లేదు, స్వయంగా కాల్చినవాడికి మాత్రం ఉంది. ఈ మూడింటినీ ఒక వరసలో పెట్టి చూస్తే బరువంతా కిందికే జారినట్టు ఎవరికైనా కనిపిస్తుంది.

అయితే ఆ కోర్టు పూర్తిగా కళ్లు మూసుకుందని అనడం న్యాయం కాదు. అప్పటి అమెరికా సైన్యపు 1940 నాటి యుద్ధనియమాల పుస్తకంలో, పై అధికారుల ఉత్తర్వు మేరకు చేసిన నేరాలకు కింది సైనికుణ్ణి శిక్షించరాదన్న నిబంధన ఉంది. కాంప్టన్‌ను విడిచిపెట్టిన అధికారులు దాన్ని ఆసరా చేసుకోగలిగారు. ఆ నిబంధనను 1944 నవంబరు 15న మార్చారు. ఉత్తర్వు ఉందన్న సంగతిని కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చు, అంతేగానీ అదే పూర్తి రక్షణ కాదు అన్నది కొత్త మాట. బ్రిటన్ అదే ఏడాది కొన్ని నెలలు ముందుగా తన పుస్తకాన్ని మార్చుకుంది. యుద్ధం గెలుపు వైపు మళ్లింది, జర్మన్ అధికారులను బోనెక్కించే రోజు దగ్గరపడింది. పాత నిబంధన అలాగే ఉంటే ప్రతి జర్మన్ అధికారీ దాన్నే చూపిస్తాడు. మార్పు మంచిదే. అది ఎందుకు, ఎప్పుడు వచ్చిందో కూడా మనం గుర్తు పెట్టుకోవాలి.

కొత్త నిబంధన ఎవరి మీద పడిందో చూడండి. 1944 మార్చిలో, అదే ఇటలీలో, లా స్పెజియాకూ జెనోవాకూ మధ్య ఉన్న రైలు సొరంగం పేల్చడానికి 15 మంది అమెరికన్లు సముద్రం మీదుగా వచ్చి పట్టుబడ్డారు. ఒంటి మీద అమెరికా సైన్యపు యూనిఫారం ఉంది. ఇలాంటి కమాండోలను పట్టుకుంటే చంపాల్సిందేనని హిట్లర్ 1942 అక్టోబరు 18న రహస్య ఉత్తర్వు ఇచ్చి ఉన్నాడు. 75వ కోర్ అధిపతి జనరల్ ఆంటన్ డోస్ట్లర్ వాళ్లను కాల్చమన్నాడు. కింది అధికారులు ఆపించడానికి ప్రయత్నించారు, వినలేదు. ఆయన సిబ్బందిలోని అలెగ్జాండర్ జు డోనా అనే అధికారి ఉత్తర్వు మీద సంతకం చేయనన్నాడు. దాంతో సైన్యం నుంచి తొలగించారు. మార్చి 26 ఉదయం ఆ 15 మందినీ కాల్చేశారు.

1945 అక్టోబరులో నేపుల్స్ దగ్గరి కసెర్తా రాజభవనంలో అమెరికా సైనిక న్యాయస్థానం డోస్ట్లర్‌ను విచారించింది. పైనుంచి వచ్చిన ఉత్తర్వు పాటించానన్నాడు. కోర్టు ఒప్పుకోలేదు. డిసెంబరు 1న ఫైరింగ్ స్క్వాడ్ ముందు నిలబెట్టారు. ఆ తీర్పు సరైనదే. లొంగిన మనిషిని చంపమనే ఉత్తర్వు ఎవరిచ్చినా ఉత్తర్వు కాదు. ఇక్కడ నాకు ముఖ్యంగా కనిపించేది డోనా సంతకం నిరాకరించడం. నియంతృత్వంలో, యుద్ధం మధ్యలో, హిట్లర్ ఆజ్ఞ ఎదురుగా ఉండగా ఒక అధికారి కాదనగలిగాడు. కాదన్నందుకు ఉద్యోగం పోయింది, ప్రాణం పోలేదు. ఉత్తర్వు వస్తే సైనికుడికి వేరే దారి లేదన్న వాదనకు ఇంతకన్నా గట్టి జవాబు నాకు దొరకలేదు. మరి రెండేళ్ల ముందు, అదే అమెరికా సైన్యం, అదే ఇటలీ నేల మీద జరిగిన హత్య విషయంలో తన కెప్టెన్ నోట ఇదే వాదన విని విడిచిపెట్టింది. ఓక్లహోమా కుర్రాడి చేత చచ్చిన ఇటలీ సైనికుడి తల్లి ఈ రెండు తీర్పులూ పక్కపక్కన చదివి ఉంటే ఏమనుకునేది?

ఆమె చదివే అవకాశమే లేకుండా చేశారు. బిస్కారి విషయం బయటికొస్తే శత్రువు చేతిలో ఉన్న అమెరికన్ ఖైదీల మీద పగ తీర్చుకుంటారన్న భయంతో ఆ ఫైళ్లను రహస్యంగా ఉంచారు. ఆ భయం బూటకమని నేననను. కానీ రహస్యం ఎవరిని కాపాడిందో చూడాలి. వెస్ట్‌ను అమెరికా జైలుకు పంపకుండా ఉత్తర ఆఫ్రికాలోనే ఉంచారు. ఏడాది పైచిలుకు గడిచాక, 1944 నవంబరులో, మిగతా శిక్ష రద్దుచేసి మామూలు సిపాయిగా మళ్లీ పనిలోకి తీసుకున్నారు. యావజ్జీవం అంత త్వరగా ముగిసింది. కెప్టెన్‌ను విడిచిపెట్టి సార్జెంటును జైల్లో ఉంచడంలోని అన్యాయాన్ని వాళ్లు గమనించకపోలేదు. కెప్టెన్‌ను తిరిగి విచారించే వీలు లేదు కాబట్టి సార్జెంటును కూడా వదిలి ఆ అన్యాయాన్ని సరిచేశారు. చనిపోయినవాళ్లకు ఆ సర్దుబాటులో చోటు లేదు.

పోతన భాగవతం ప్రథమ స్కంధంలో అశ్వత్థామ కథ మీకు తెలిసిందే. నిద్రపోతున్న పిల్లలను చంపినవాణ్ణి అర్జునుడు కట్టి తెచ్చి ద్రౌపది ముందు నిలబెడతాడు. చంపాలని భీముడంటాడు. కన్నబిడ్డలను పోగొట్టుకున్న ఆ తల్లి మాత్రం వాణ్ణి విడిపించమంటుంది, వాడి తల్లి నాలా ఏడవకూడదంటుంది. ఆ ఘట్టంలోని కరుణ గురించి ఎందరో చెప్పారు. నేను న్యాయవాదిగా మరొకటి గమనిస్తాను. అక్కడ బందీ గురించిన నిర్ణయం అందరి ఎదుట, నష్టపోయిన మనిషి సమక్షంలో, ఎవరు ఏమన్నారో తెలిసేలా జరిగింది. బిస్కారి ఫైలులో లేనిది అదే.

ఇదంతా పాత కథ అనుకోవద్దు. ఆస్ట్రేలియా సైన్యం ఆఫ్ఘనిస్తాన్‌లో తన ప్రత్యేక దళాల ప్రవర్తన మీద జరిపించిన విచారణ నివేదిక 2020 నవంబరులో వెలువడింది. 23 ఘటనల్లో 39 మందిని చట్టవిరుద్ధంగా చంపినట్టు నమ్మదగిన సమాచారం ఉందని అది తేల్చింది. కొత్తగా చేరిన కుర్రాడికి చెయ్యి తిరగాలని, పట్టుబడిన మనిషిని కాల్చమని సీనియర్లు చెప్పిన సందర్భాలను కూడా అందులో నమోదు చేశారు. అక్కడా సంగతి బయటపెట్టింది తోటి సైనికులే.

మన వైపు చూద్దాం. కార్గిల్ సమయంలో, 1999 మే 27న, ఫ్లైట్ లెఫ్టినెంట్ కంబంపాటి నచికేత మిగ్-27 ఇంజన్ ఆగిపోయి, శత్రువు ఉన్న చోట దిగాడు. తనను పట్టుకున్న సిపాయిలు కొట్టారని, ఇంకా ఏమైనా చేసేవాళ్లేమోనని, ఇంతలో ఒక సీనియర్ అధికారి వచ్చి ఇతను బందీ అని వాళ్లను ఆపాడని ఆయనే తర్వాత చెప్పాడు. జూన్ 3న ఆయన్ను రెడ్‌క్రాస్‌కు అప్పగించారు, అలా ఇంటికి చేరాడు. అదే మే నెలలో పట్టుబడిన కెప్టెన్ సౌరభ్ కాలియా, ఆయన వెంట ఉన్న జవాన్ల విషయంలో ఆపే మనిషి లేకపోయాడు. వాళ్ల మృతదేహాలు జూన్ 9న వచ్చాయి, ఒంటి మీద చిత్రహింసల గుర్తులతో. కాలియా కుటుంబం న్యాయం కోసం పడ్డ తపన మనం చూశాం. దాన్ని చూసి కన్నీరు పెట్టిన మనం, రేపు మన జవాను చేతిలో చిక్కిన పరాయి కుర్రాడికి కూడా అదే చట్టం వర్తిస్తుందని అంతే గట్టిగా చెప్పగలగాలి. సైన్యాన్ని గౌరవించడం అంటే నాకు తెలిసిన అర్థం ఇదే.

మన చట్టాల్లో ఇందుకు పునాది ఉంది. 1950 సైనిక చట్టంలోని 41వ సెక్షన్ శిక్షించేది చట్టబద్ధమైన ఆజ్ఞను ధిక్కరించినవాణ్ణే. చట్టవిరుద్ధమైన ఆజ్ఞకు తలొగ్గాల్సిన పని మన సిపాయికి లేదు. ఆ సంగతి చివరి సిపాయికి కూడా అతని భాషలో, తెలుగువాడికి తెలుగులో, శిక్షణలోనే చెప్పాలి. 1960 జెనీవా ఒప్పందాల చట్టం, రక్షణలో ఉన్న మనిషిని కావాలని చంపినవాడికి మరణశిక్ష లేదా యావజ్జీవం అని రాసింది, నేరం చేసినవాడు ఏ దేశస్థుడైనా. ఇంతవరకు బాగుంది. చిక్కు 17వ సెక్షన్‌తో వచ్చింది. ప్రభుత్వం గానీ, ప్రభుత్వం నియమించిన అధికారి గానీ ఫిర్యాదు చేస్తే తప్ప ఏ కోర్టూ కేసు చేపట్టకూడదని అది అంటుంది. ఆ చట్టం వ్యక్తులకు సొంతంగా కోర్టుకెక్కే హక్కు ఏదీ ఇవ్వలేదని సుప్రీంకోర్టు 1969లో గోవాకు చెందిన మాంటెరో కేసులో చెప్పింది. అంటే మొదటి కాగితం రాసే అధికారం నేరం ఎవరి నీడలో జరిగి ఉండవచ్చో వాళ్ల చేతిలోనే ఉంది. విలియం కింగ్ లాంటివాడు మన దగ్గర పుట్టినా, ఆ ఒక్క సంతకం దొరక్కపోతే అతని కాగితం కోర్టు గడప ఎక్కదు.

ఇది మార్చలేనిది కాదు. అమెరికాలోనే 2023 డిసెంబరు నుంచి హత్య వంటి తీవ్రమైన నేరాల్లో ఎవరిని విచారించాలన్న నిర్ణయాన్ని దళాధిపతుల చేతుల్లోంచి తీసి ప్రత్యేక సైనిక ప్రాసిక్యూటర్లకు అప్పగించారు. బిస్కారి జరిగిన ఎనభై ఏళ్లకు. మనం అంతకాలం ఆగాల్సిన అవసరం లేదు. 17వ సెక్షన్‌ను సవరించి, స్వతంత్ర ప్రాసిక్యూటర్‌కు ఫిర్యాదు అందుకునే అధికారం ఇవ్వాలని, కోర్టు మార్షల్ తీర్పులను దేశ భద్రతకు సంబంధించిన భాగాలు మినహా ప్రచురించాలని కోరుతూ ఈ సభ తరఫున కేంద్ర న్యాయశాఖకు, రక్షణశాఖకు ఒక వినతిపత్రం పంపుదామని ప్రతిపాదిస్తున్నాను. ముసాయిదా విద్యార్థులు రాయండి. వచ్చే ఆదివారం నాటికి నాకు ఇస్తే దిద్ది, సీనియర్ల సంతకాలు తీసుకునే పని నేను చూసుకుంటాను.